తెల్ల ప్లేటు కింద

రాఘవేందర్ తన శిష్యురాలు మంగ గిటార్ సంచి సర్దుతున్నాడు. పిల్ల ఆదివారం మధ్యాహ్నం ముంబై రైలెక్కుతుంది. అక్కడినుంచి ఓడ. ఎనిమిది నెలలు ఓడలోనే ఉండి, డబ్బున్నవాళ్ళు భోజనాలు చేస్తూంటే బ్యాండులో గిటార్ వాయించాలి. జిప్పు బాగుచేయమని ఖాళీ సంచి ఇచ్చిపోయింది. జిప్పు పని పది నిమిషాల్లో అయిపోయింది. సముద్రం మధ్యలో తీగ తెగితే కొనుక్కోవడానికి నారాయణగూడ ఉండదని, ఆరు ప్యాకెట్ల తీగలు, రెండు కేబుళ్ళు, ఒక స్క్రూడ్రైవర్, వైర్లు అతికించే చిన్న సోల్డరింగ్ ఐరన్ పాత లుంగీ ముక్కల్లో విడివిడిగా చుట్టి సంచి ముందు జేబులో పెడుతున్నాడు. పెట్టినవాటిని మళ్ళీ తీసి, ఉప్పుగాలికి తుప్పు పడతాయేమోనని నూనెగుడ్డతో తుడిచి, మళ్ళీ పెడుతున్నాడు.

ఇంత శ్రద్ధ అతను ఇంకెవరి సామానుకూ చూపించడు. నారాయణగూడలో జిరాక్స్ షాపు పైన, ఇనప మెట్లెక్కి వెళ్ళే ఆ గదిలో ముప్పై ఏళ్ళుగా గిటార్లు బాగుచేస్తున్నాడు. ముప్పై ఏళ్ళుగా గిటార్లు తెచ్చేవాళ్ళని లోపల్లోపల తిడుతున్నాడు. చిక్కడపల్లి సభలో రిటైరైన ఆఫీసర్లు పాత పాటలు పాడుకుంటారు. ఆ గొంతులకు అందేట్టు శ్రుతి దించి ఇమ్మని ఆర్కెస్ట్రా వాళ్ళొస్తారు. అశోక్‌నగర్‌లో గ్రూప్ వన్‌కు చదవడానికొచ్చి, పుస్తకం విసుగు పుట్టి గిటార్ కొని, మూడు నెలలు తిరక్కుండా అమ్మిపెట్టమని పట్టుకొచ్చే కుర్రాళ్ళున్నారు. వీళ్ళందరికన్నా అతనికి కంటగింపు, గిటార్ తలమీద కంపెనీ పేరు చూసి కొనేవాళ్ళు. "పేరు చూసి కొనేటోడు చెవిటోడు" అని నేర్చుకోవడానికొచ్చిన ప్రతి పిల్లకూ పిల్లవాడికీ మొదటిరోజే చెప్తాడు. మంగకూ చెప్పాడు.

ఇనప మెట్లమీద చెప్పుల చప్పుడైంది. మంగ తల్లి ఈదమ్మ, పొడుగాటి నల్లపెట్టె చంకలో ఇరికించుకుని, రొప్పుతూ లోపలికొచ్చింది. అశోక్‌నగర్‌లో కమలాకుమారి గారింట్లో పనిచేస్తుంది. ఆ పెట్టెలో ఉన్నది ఆవిడ కొడుకు ఫణికిరణ్ గిటార్. జపానులో చేసిన అసలు సరుకు. వాళ్ళ హాల్లో సోఫా వెనకాల గోడకు ఏడేళ్ళుగా వేలాడుతోంది. ఏడాదికోసారి సర్వీసుకు వస్తుంది. ఎప్పుడొచ్చినా ఈదమ్మే మోసుకొస్తుంది.

"సారూ, అమ్మగారు పంపిన్రు. జర మంచిగ తుడిచి ఇయ్యమన్నరు. అమ్ముతరంట."

"అమ్ముతరా? ఏమొచ్చింది ఇప్పుడు?"

"బాబు గచ్చిబౌలి పోతున్నడు కద. ఆ కొత్తింట్ల గోడలకు మొలలు కొట్టనియ్యరంట."

రాఘవేందర్ నవ్వాడు. మొల లేదని గిటార్ అమ్మేవాణ్ణి ఇన్నేళ్ళలో మొదటిసారి వింటున్నాడు. "కొనే మహానుభావుడెవరు?"

"నల్లకుంట సారు. విద్యాసాగర్ అంట. ఆదివారం పొద్దుగాల వస్తడు. ఊకె పైపైన చూసేటోడు కాదంట. స్క్రూలన్ని ఇప్పి, లోపట నంబర్లు చూసి, అప్పుడు మాట్లాడతడంట."

లుంగీ ముక్క చుడుతున్న చెయ్యి ఆగింది. ఈదమ్మ గమనించలేదు. కొంగుతో మెడ తుడుచుకుంటూ చెప్పుకుపోతోంది. "ముందుగాల మా మంగకే ఇస్తనన్నది అమ్మగారు. ఆయనకన్న తక్కువకే. సార్‌ను అడిగి చెప్తనన్నది పిల్ల. మంచిదే అంటరా సారూ?"

జవాబు చెప్పేలోపు ఫోను మోగింది. చేతులకు నూనె ఉందని స్పీకర్ నొక్కాడు.

"రాఘవేందర్ గారూ, నేనండీ, కమలాకుమారిని. పెట్టె చేరిందా? అందులో బెల్టు, వైరు, రెండు పుస్తకాలు ఉండాలి. ఒకసారి చూసి చెప్పండి. ఈదమ్మ మంచిదే అనుకోండి, అయినా మన జాగ్రత్తలో మనం ఉండాలి కదా."

ఈదమ్మ తలెత్తి, తిరగని ఫ్యాన్ వంక చూస్తూ నిలబడింది. రాఘవేందర్ పెట్టె తెరిచాడు. బెల్టు, వైరు, పుస్తకాలు. "ఉన్నాయమ్మా" అని ఫోను పెట్టేశాడు. ఆ మాటలో ఎంత నీచత్వముందో అతనికి వినపడలేదని కాదు. అప్పుడు అతని మనసంతా నల్లకుంట విద్యాసాగర్ స్క్రూడ్రైవర్ మీద ఉంది.

ఈదమ్మ వెళ్ళాక తలుపు దగ్గరికేసి, గిటార్‌ను బల్లమీద పరుపుగుడ్డ మీద వెల్లకిలా పడుకోబెట్టాడు. తీగలు వదులు చేశాడు. గిటార్ పొట్టమీద తెల్లటి ప్లేటు ఉంటుంది, పదకొండు స్క్రూలతో. ఒక్కొక్కటే తీసి సీసా మూతలో వేశాడు. ప్లేటు తిరగేశాడు. దానికి మూడు పికప్‌లు బిగించి ఉన్నాయి. పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత రాగితీగ వేలసార్లు చుట్టిన ముక్క. గిటార్ గొంతంటే అదే. జపాను పికప్‌లకు అడుగున నల్ల అట్ట, దానిమీద చుట్టిన మనిషి పెన్సిలుతో రాసిన తేదీ ఉంటుంది. ఇక్కడ తెల్ల ప్లాస్టిక్ ఉంది, వట్టిది. నకలు గిటార్లలో వచ్చే సరుకు.

ఉంటుంది మరి. మూడేళ్ళ కింద వానాకాలంలో తన చేత్తో తనే పెట్టాడు. మంగ నకలు గిటార్, ఫణికిరణ్ అసలు గిటార్ ఒకే వారం బల్లమీదికొచ్చాయి. ఒకటి ప్రోగ్రాముల్లో చెమటకు తడిసి గరగరమంటోంది, ఇంకోటి గోడమీద దుమ్ముకొట్టుకుపోయి ఉంది. పికప్‌లు అటువి ఇటు, ఇటువి అటు మార్చాడు. పైమూతలు మాత్రం దేనివి దానికే ఉంచాడు, చూడ్డానికి తేడా తెలీకుండా. దొంగతనమని ఆరోజూ అనుకోలేదు, ఆ తర్వాతా అనుకోలేదు. ఎవరూ ముట్టని అన్నం ఆకలున్న మనిషి ముందుకు జరిపానన్నట్టే ఉంది అతనికి. మంగకు "సోల్డరింగ్ సరిచేసిన" అని చెప్పాడు. ఫణికిరణ్‌కు ఏం చెప్పక్కర్లేకపోయింది. మూడేళ్ళలో ఆ మనిషికి తన గిటార్ గొంతు మారిందని తెలియలేదు. ఒక్కసారి ప్లగ్గు పెడితేగదా తెలిసేది. ఈ విషయం గుర్తొచ్చినప్పుడల్లా రాఘవేందర్‌కు లోపల చక్కిలిగింతలు పెట్టినట్టుండేది.

ఇప్పుడు మాత్రం నవ్వు రాలేదు. కాసేపు ఆలోచించాడు. దారి దొరికింది. మంగ కొంటే సరిపోతుంది. కొన్నాక పికప్‌లు వాటి చోట్ల పెట్టి ఇస్తాడు. విద్యాసాగర్ రాడు, ఎవడూ విప్పడు, ఎవరికీ ఏమీ తెలియదు. పదకొండు స్క్రూలూ మళ్ళీ బిగించి, పైన పాలిష్ గుడ్డతో అద్దంలా రుద్దాడు.

శుక్రవారం పదకొండింటికి మంగ తన గిటార్ తీసుకుని వచ్చింది. ఇరవై మూడేళ్ళ పిల్ల. పాలమూరునుంచి వచ్చి అంబర్‌పేట్ బస్తీలో తల్లితో ఉంటోంది. పొద్దున పిల్లలకు పాఠాలు చెప్పి, సాయంత్రం చిక్కడపల్లిలో ఆర్కెస్ట్రాకు వాయిస్తుంది. వచ్చీరాగానే సంచి జేబు తెరిచి చూసి, "ఏంది సార్, షాపు మొత్తం నాతోని పంపుతున్నరా? రేపటిసంది మీరేం బాగుచేస్తరు?" అంది.

"చెవిటోళ్ళవి బాగుచేస్త. వాటికి సామాను అక్కర లేదు."

నవ్వి, స్టూలు లాక్కుని కూర్చుంది. "అమ్మ చెప్పింది కద. ఓడవాళ్ళిచ్చిన అడ్వాన్స్ ఉన్నది. ఇది కొనాల్నా, నా దాంతోనే పోవాల్నా? మీరు ఏదంటే అది."

"కొను."

అంత త్వరగా జవాబొస్తుందని అనుకోలేదు మంగ. "గంతేనా? నా దాంట్ల తక్కువేముంది?"

"తక్కువని కాదు బిడ్డా. ఒరిజినల్ ఒరిజినలే."

ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకు అతనికే నాలుక చేదుగా అనిపించింది. మంగ అతన్ని ఎగాదిగా చూసింది. "మీరేనా సార్ గీ మాటన్నది? పేరు చూసి కొనేటోడు చెవిటోడని మీదగ్గర నేర్చుకుని, నా పిల్లలకు గూడ అదే నేర్పిస్తున్న."

"ఓడమీద లెక్క వేరే. ఆడ అందరు తలమీది పేరే చూస్తరు."

"చూడనియ్యుండ్రి. చూసేటోళ్ళు చూస్తరు, వినేటోళ్ళు వింటరు." రెండు గిటార్లూ ఒళ్ళోకి తీసుకుని శ్రుతి చేసింది. ముందు తనది యాంప్ స్పీకర్‌కు తగిలించి నాలుగు తీగలు మీటింది. గదిలో గుండ్రంగా, వెచ్చగా మోగింది. తర్వాత ఫణికిరణ్‌ది తగిలించింది. డబ్బా మీద గోరుతో గీసినట్టు వచ్చింది. మళ్ళీ తనది. మళ్ళీ అది. "ఏంది సార్ ఇది? గోడకు ఏలాడి ఏలాడి గొంతు పోయిందా దీనికి?"

"వాడక చాన రోజులైంది. వాయిస్తే అదే వస్తది."

"పికప్‌కు వాయించుడుతోని ఏం సంబంధం సార్?"

పికప్ గురించి ఆ పిల్లకు తెలిసిందంతా తను చెప్పిందే. మంగ బల్లమీది స్క్రూడ్రైవర్ అందుకుంది. తన గిటార్ తీగలు వదులు చేసింది. పదకొండు స్క్రూలు, ఒక్కటి కూడా కిందపడకుండా, అతను నేర్పినట్టే సీసా మూతలో వేసింది. "వద్దు" అనడానికి అతనికి బోలెడు టైముంది. అనలేదు. ప్లేటు తిరగేసి, కిటికీ వెలుతురుకు పట్టి చూసింది. నల్ల అట్ట. పెన్సిలు అంకెలు. పక్కన అర్థంకాని రెండక్షరాలు. తర్వాత రెండోది విప్పింది.

"ఎప్పుడు?"

"మూడేండ్లాయె. వానల్ల నీది గరగర అన్నది చూడు, అప్పుడు."

"సోల్డరింగ్ సరిచేసిన అన్నరు."

"అది గూడ చేసిన." తనే నవ్వబోయి మానుకున్నాడు. "మంగా, ఇను. వాని ఇంట్ల అది గోడకు బొమ్మ. నీ చేతుల్ల బతికింది. దీంట్ల తప్పేముంది? ఇప్పుడు నువ్వు కొంటే అది గూడ ఉండదు. నీ సొమ్ము నీకైతది."

మంగ రెండు ప్లేట్లూ పక్కపక్కన పెట్టింది. గొంతు పెంచలేదు. "ఆ పెట్టె ఈడికి ఎవలు మోసుకొచ్చిన్రు సార్?"

"మీ అమ్మ."

"మోసుకపోయింది?"

"... మీ అమ్మ."

"రేపు నేను కొనలేదనుకోండ్రి. ఎల్లుండి నల్లకుంట సారు ఇప్పి చూసి, లోపటిది మార్చిన్రు అంటడు. వాళ్ళు ఎవలిని అడుగుతరు? మిమ్ములనా?"

రాఘవేందర్ మూడేళ్ళలో ఫణికిరణ్ గురించి వందసార్లు ఆలోచించాడు, వాడి చెవుల గురించి, వాడి గోడ గురించి. పెట్టె మోసిన మనిషి గురించి ఒక్కసారీ ఆలోచించలేదు. నిన్న ఫోనులో ఆ మాట విని కూడా ఆలోచించలేదు.

"పోయినేడు వాళ్ళింట్ల వెండి కుంకుమ భరిణె కనపడలేదు" అంది మంగ. "మా అమ్మను వంటింట్ల నిలబెట్టి చీర కుచ్చిళ్ళు దులిపిచ్చిన్రు. తెల్లారి దేవునింట్ల పటాల ఎనక దొరికింది. దొరికిందని గూడ చెప్పలే. కడుగుమని సింకుల ఏసిన్రు, అట్ల తెలిసింది ఆమెకు."

"నాకు తెల్వదు బిడ్డా."

"మీకు ఎవలి గురించీ తెల్వదు సార్. అందర్ని చెవిటోళ్ళు అంటరు." లేచింది. "ఓడవాళ్ళకు నేను వీడియో పంపింది దీంతోనే. వాళ్ళు ఇన్నది ఎవలిని?"

"నీ చేతులను. ఒట్టు."

"ఎట్ల నమ్మాలె? ఇంతకుముందే ఒరిజినల్ ఒరిజినలే అన్నరు." గిటార్లు రెండూ బల్లమీదే వదిలేసింది. "రేపు పొద్దుగాల వస్త. ఏది దేనిదో అండ్లనే పెట్టాలె. నా కండ్ల ముందర. ఇయ్యాల ప్రోగ్రాముకు ఎవరిదన్న అడిగి వాయిస్త."

ఆ సాయంత్రం ఆరింటికి రాఘవేందర్ చిక్కడపల్లి సభకు వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాడు. దక్షిణామూర్తి అనే రిటైర్డ్ ఇంజనీరు, ఉన్ని కోటు వేసుకుని, ఎనభై ఏళ్ళ భార్యవైపు చూస్తూ ప్రేమపాట ఎత్తుకున్నాడు. రెండో చరణంలో గొంతు పైకి పోక జారిపోయింది. కీబోర్డు వాడు తడబడ్డాడు. మంగ వేళ్ళు రెండు మెట్లు కిందికి దిగి, ముసలాయన ఎక్కడ పడ్డాడో అక్కడే పట్టుకుని, పాటను అదే చోటునుంచి మొదలైనట్టు నడిపించాయి. ఆమె చేతిలో ఉన్నది ఎవరిదో ఎర్రటి గిటార్, తీగలు మరీ ఎత్తుగా ఉన్నది. దాని గొంతు బాగాలేదు. జనం ఎప్పటిలాగే చప్పట్లు కొట్టారు, ముసలాయనకు. ఈ హాల్లో మూడేళ్ళుగా జపాను పికప్‌లు మోగాయి. వచ్చాయనీ ఎవరికీ తెలియలేదు, ఇవ్వాళ లేవనీ తెలియలేదు. తను ఇచ్చానని అనుకున్న గొప్ప దానం తన ఒక్కడి చెవులకోసమే అని రాఘవేందర్‌కు అప్పుడనిపించింది. చివరిదాకా కూర్చోలేదు.

శనివారం మంగ తొమ్మిదిన్నరకే వచ్చి, స్టూలుమీద కూర్చుని, మోచేతులు బల్లకానించింది. రాఘవేందర్ ఐరన్ వేడిచేశాడు. ముప్పై ఏళ్ళలో ఒకరు పక్కన కాపలా కూర్చుంటే పనిచేయడం అదే మొదలు. ఒక పికప్‌కు రెండు వైర్లు, మూడింటికి ఆరు, రెండు గిటార్లకు పన్నెండు. సోల్డర్ కరిగి సన్నగా పొగ లేచింది. నాలుగో వైరు దగ్గర చుక్క పక్కన పడింది. మంగ గుడ్డ అందించింది. నల్ల అట్టలవి మూడూ ఫణికిరణ్ గిటార్‌లోకి పోయాయి. అంకెలు వరసగా ఉన్నాయో లేదో తను చూసుకున్నాకే ప్లేటు బిగించనిచ్చింది.

ముందు ఫణికిరణ్‌ది తగిలించి ఒక్కసారి మీటింది. నిన్నటిదాకా తనదైన గొంతు అందులోంచి వచ్చింది. కళ్ళు మూసుకుని ఆ మోత పూర్తిగా ఆరిపోయేదాకా ఆగింది. వైరు పీకి తనదానికి పెట్టింది. డబ్బా. గొంతు సరిచేసే టోన్ మర అటు తిప్పింది, ఇటు తిప్పింది, యాంప్ తగ్గించింది, మునివేళ్ళతో మీటి చూసింది. కొంచెం మెరుగైంది. కొంచెమే. బాగాలేదని ఇద్దరికీ తెలుసు.

"ఇప్పుడు అంతా సక్కగ ఉన్నది కద" అన్నాడు రాఘవేందర్. "ఇప్పుడు కొను. అడ్వాన్స్ సరిపోకుంటే నేను కలుపుత. ఎనిమిది నెలలు ఆ డబ్బాతోని ఎట్ల ఏగుతవు?"

"అడ్వాన్స్ పోయింది సార్."

"ఎటు పోయింది?"

"నేనొచ్చేదాక అమ్మకు ఇంటి కిరాయి. రేపటిసంది ఆ ఇంటికి పోదు ఆమె. ఆరోగ్యం మంచిగ లేదని చెప్పిపిస్త. ఈసారి భరిణె నిజంగనే దొరకకపోతే?" గిటార్ సంచిలో పెట్టి జిప్పు లాగింది.

"ఆమెకు చెప్పినవా? నేను చేసింది?"

"లేదు."

అతని ముఖంలో ఏం కనిపించిందో, మంగ జిప్పు సగంలో ఆపింది. "మీకోసం కాదు సార్. చెప్తే ఆమె మిమ్ములను దేవుడంటది. నా బిడ్డకు ఎంత చేసిండు అని ఏడుస్తది. అది నేను ఇనలేను. అందుకే చెప్పలే."

రాఘవేందర్ బల్లమీది సోల్డర్ చుక్కలు గోరుతో గీకాడు. ఏదో అనాలి. జాగ్రత్త అనాలి, చేరాక ఫోన్ చెయ్యమనాలి. ఎదురుగా ఉన్న పిల్ల ముఖం చూశాక ఆ మాటలు వేటికీ స్థలం ఉన్నట్టు కనపడలేదు. కస్టమర్లు మెట్లు దిగుతుంటే వెనకనుంచి తను ఏ ముఖంతో చూస్తాడో, అచ్చం ఆ ముఖం. కోపం కాదు. కోపమైతే తగ్గుతుంది.

"పోతున్న సార్" అంది. "పోయొస్త" అనలేదు. సంచి వీపుకు తగిలించుకుని ఇనప మెట్లు దిగింది. కిటికీలోంచి చూస్తే, జిరాక్స్ షాపు ముందు ఆగి ఆటో కోసం చెయ్యెత్తింది. మొదటి ఆటోవాడు ఆగలేదు. రెండోవాడు ఆగాడు. ఆ సాయంత్రం నల్లపెట్టెను అశోక్‌నగర్‌కు రాఘవేందరే మోసుకెళ్ళి ఇచ్చాడు.

సోమవారం పొద్దున కమలాకుమారి ఫోన్ చేసింది. "మీకు థాంక్స్ చెబుదామని చేశానండీ. విద్యాసాగర్ గారు నిన్న గంటసేపు విప్పి చూశారు. ఒక్క ముక్క కూడా మారలేదు, అన్నీ ఒరిజినలే, ఇలాంటిది దొరకడం కష్టమన్నారు. అడిగిన దానికి మారుమాట లేకుండా తీసుకెళ్ళారు. మా ఫణి అయితే, చూశావా అమ్మా, మంచి వస్తువు కొంటే ఎప్పటికీ విలువ పోదు అన్నాడు."

"ఔనమ్మా."

"మా ఈదమ్మ మాత్రం చెప్పాపెట్టకుండా మానేసింది. ఒంట్లో బాగాలేదట. పదకొండేళ్ళు ఇంట్లో మనిషిలా చూసుకున్నానండీ. ఎంత చేసినా ఈ మనుషులకు విశ్వాసం ఉండదు."

ఈదమ్మ చీర కుచ్చిళ్ళ సంగతి అతని నాలుక చివరిదాకా వచ్చింది. ఇంకా ఏడు గిటార్లు బల్లకింద ఉన్నాయి. అందులో రెండు ఈవిడ పంపిన వాళ్ళవే.

"ఔనమ్మా" అన్నాడు.

ఓడ కాంట్రాక్టు అక్టోబరులో అయిపోయింది. మంగ ఊరికొచ్చింది. తల్లిని వెంటబెట్టుకుని నారాయణగూడ కూరగాయల మార్కెట్లో కనపడిందని ఆర్కెస్ట్రా కీబోర్డు వాడు చెప్పాడు. డిసెంబరులో మళ్ళీ ఓడెక్కింది, మళ్ళీ వచ్చింది. రాఘవేందర్ షాపుకు మాత్రం రాలేదు. 2024 ఫిబ్రవరి 17, పికప్‌లు తిరిగి పెట్టించిన ఆ శనివారం, మధ్యాహ్నం పన్నెండు దాటాక ఆ మెట్లు దిగింది మంగ. ఆ తర్వాత ఎక్కలేదు.